రెండు వరసల అంకెల గోడ గడియారం: ఐదు నెలలు వాడాక నా మాట

మాది జయపురం. రాజస్థాన్‌లో జైపూర్ కాదండీ, ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. ఈ ముక్క ముందే చెప్పకపోతే "అక్కడ ఎండలు బాగా ఎక్కువటగా" అని అడుగుతారు. మా చుట్టాల్లోనే ఒకరు పదేళ్ళుగా అడుగుతున్నారు. నేను ఇంట్లోనే పొద్దున్న పూట ఇడ్లీలు, ఉప్మా చేసి క్యారేజీలు కట్టి పంపిస్తాను. కారప్పొడి, నువ్వులపొడి, ఆవకాయ కూడా అమ్ముతాను. గడియారాల గురించి రాసేంత తెలివి నాకు లేదు గానీ, ఈ గడియారం కోసం నేను పడ్డ పాట్లు ఇంకొకరు పడకూడదని రాస్తున్నాను.

పోయిన ఏడాది మా అబ్బాయి నేవీలో అగ్నివీర్‌గా చేరాడు. శిక్షణ చిల్కా సరస్సు పక్కన ఐఎన్ఎస్ చిల్కాలో. వెళ్ళిన కొత్తలో ఒక శనివారం మెసేజ్ పెట్టాడు: "అమ్మా, రేపు 1900 నుంచి 1930 లోపల ఫోన్ చేస్తాను." మధ్యలో చుక్కలేదు, ఏఎం లేదు, పీఎం లేదు. నేను మనసులో పంతొమ్మిది వందలు అని చదువుకున్నాను. పంతొమ్మిదిలో తొమ్మిది వినిపించింది కదా, రాత్రి తొమ్మిదికి చేస్తాడన్నమాట అనుకున్నాను. ఆదివారం సాయంత్రం ఫోను వెనక గదిలో ఛార్జింగ్‌కి పెట్టి, మినపప్పు కోసం బజారుకి వెళ్ళాను. తొమ్మిదింటికి స్నానం చేసి, జడ వేసుకుని, ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటే అందులో నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అన్నీ ఏడింటికీ ఏడున్నరకీ మధ్యవే. 1900 అంటే ఇరవై నాలుగు గంటల లెక్కలో రాత్రి ఏడట, మిలటరీ వాళ్ళు టైము అలాగే రాస్తారట. ఆ రాత్రి అన్నం సయించలేదు. మళ్ళీ ఆదివారం దాకా ఆగాలి మరి.

తరవాత ఆలోచిస్తే నాకు అర్థమైంది, తప్పు నాదొక్కదానిదే కాదు, మన తెలుగు అంకెలది కూడా. పదమూడులో మూడు ఉంది, పద్నాలుగులో నాలుగు ఉంది, పదిహేడులో ఏడు ఉంది, పద్దెనిమిదిలో ఎనిమిది ఉంది. చెవికి ఆ తోక అంకే తగులుతుంది. పదిహేడంటే ఏడనుకుంటాం. నిజానికి అది సాయంత్రం ఐదు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి దానికో చిట్కా చెప్పింది. "అమ్మా, పన్నెండు తీసెయ్యమంటే నువ్వు వేళ్ళు లెక్కపెడతావు. తోకలో ఏ అంకె వినిపిస్తే అందులోంచి రెండు తీసెయ్, చాలు." పంతొమ్మిదిలో తొమ్మిది, రెండు తీస్తే ఏడు. పదిహేడులో ఏడు, రెండు తీస్తే ఐదు. పదమూడుకి ఒకటి. పంతొమ్మిది దాకా ఇది తిరుగులేకుండా పనిచేస్తుంది. ఇరవై నుంచి పనిచెయ్యదు, ఎందుకంటే ఇరవై ఒకటిలో వినిపించేది ఒకటి. అక్కడ మాత్రం ఇరవై అంటే ఎనిమిది, ఇరవై ఒకటి తొమ్మిది, ఇరవై రెండు పది, ఇరవై మూడు పదకొండు అని నోటికి పట్టేశాను. నాలుగే కదా. నిమిషాలతో గొడవే లేదు, ముప్పై అంటే ఎక్కడైనా ముప్పయ్యే.

ఫోనులో సెట్టింగ్స్‌కి వెళ్ళి 24 గంటల పద్ధతి పెట్టుకుంటే సరిపోతుంది కదా, గడియారం ఎందుకు అంటారేమో. పెట్టుకున్నాను. కానీ పొద్దున్న నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా నా చేతులు పిండిలో ఉంటాయి, ఫోను ముట్టుకునే పరిస్థితి ఉండదు. పైగా ఇంట్లో మా అత్తగారున్నారు. ఆవిడ ఫోను చూడరు, గోడ చూస్తారు. అందుకని గోడకే ఏదో ఒకటి కావాల్సొచ్చింది.

మొదట ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. చూడ్డానికి చాలా బాగుంది, నల్ల పళ్ళెం మీద తెల్ల అంకెలు. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా చుట్టూ ఒకే వరసలో ఉంటాయి. చిన్న ముల్లు రోజంతటికీ ఒక్కసారే తిరుగుతుంది. పైన 24, కింద 12, కుడివైపు 6, ఎడమవైపు 18. తొమ్మిది వందల చిల్లర అయింది. గోడకి కొట్టిన మర్నాడే దాని సంగతి తెలిసింది. పొద్దున్న ఆరింటికి చిన్న ముల్లు కుడివైపుకి అడ్డంగా ఉంటుంది, పెద్ద ముల్లు నిటారుగా పైకి ఉంటుంది. అరవై ఏళ్ళుగా ఆ వాటాన్ని మూడు గంటలని చదివిన కళ్ళు మా అత్తగారివి. లేచి గోడ చూసి, "ఇంకా మూడే అయిందే, అప్పుడే పొయ్యి వెలిగించేశావేంటే" అని మళ్ళీ పడుకున్నారు. మధ్యాహ్నం మా ఆయన భోజనానికొస్తే ముల్లు తిన్నగా కిందకుంది. ఆయనకి అది ఆరు. దుకాణం కట్టేసే వేళైపోయిందని ఒక్క క్షణం గుండె ఆగిందట.

మనం గడియారంలో అంకెలు చదవం, ముళ్ళ వాటం చూస్తాం. ఆ గడియారంలో తప్పేమీ లేదు, సరైన టైమే చూపిస్తుంది, కానీ కళ్ళకి మొత్తం చదువు మళ్ళీ మొదలుపెట్టాలి. మా అమ్మాయికి మాత్రం అది తెగ నచ్చింది. సూర్యుడిలాగే రోజుకి ఒక్క చుట్టు తిరుగుతుందని తన గదిలో పెట్టుకుంది. వాపసు ఇవ్వలేదు. వయసులో ఉన్నవాళ్ళున్న ఇల్లయితే అదీ ఫరవాలేదు.

రెండోది మా ఊళ్ళోనే కొన్నాను. మెయిన్ రోడ్డులో ఒక వాచీల కొట్టు, కొట్టతను మన తెలుగువాళ్ళే. "బాబూ, మిలటరీ టైమూ మామూలు టైమూ రెండూ కనిపించే గడియారం ఉందా" అని అడిగితే ముందు ఎర్ర అంకెలు వెలిగే కరెంటుది చూపించాడు. అందులో 12కీ 24కీ మార్చుకునే బటన్ ఉంది, కానీ ఒకసారికి ఒకటే కనిపిస్తుంది. 12లో పెడితే మధ్యాహ్నమో అర్ధరాత్రో చెప్పడానికి మూలన ఆవగింజంత చుక్క. ఆ చుక్క కోసం కళ్ళజోడు వెతుక్కోవాలి. గాలివాన వచ్చి కరెంటు పోతే అంకెలే ఉండవు. వద్దన్నాను. అప్పుడు అటక మీంచి దుమ్ము దులిపి ఇది తీశాడు. పన్నెండు అంగుళాల గుండ్రటి గడియారం, గోధుమరంగు ప్లాస్టిక్ చట్రం, మీగడ రంగు పళ్ళెం. బయట వరసలో 1 నుంచి 12 దాకా పెద్ద నల్ల అంకెలు. లోపలి వరసలో వాటి కిందే 13 నుంచి 24 దాకా చిన్న ఎర్ర అంకెలు. ఒకటి కింద పదమూడు, ఏడు కింద పంతొమ్మిది. గుజరాత్‌లో మోర్బీ సరుకని చెప్పాడు. మనిళ్ళలో గోడ గడియారాలు చాలా మటుకు అక్కణ్ణించి వచ్చేవేనట. ఐదు వందల యాభై చెప్పి ఐదు వందలకిచ్చాడు. "తీసుకెళ్ళండమ్మా, రెండేళ్ళుగా ఎవరూ అడగలేదు" అన్నాడు. బేరం చేసేటప్పుడు అనకూడని మాట అది, ఇంకో యాభై తగ్గించమని అడగాల్సింది.

ఇంటికొచ్చి తగిలించాక మొదటి రోజే పని తేలికైంది. ముళ్ళు ఎప్పటిలాగే తిరుగుతాయి కాబట్టి మా అత్తగారికి ఏ ఇబ్బందీ లేదు, ఆవిడ నల్ల అంకెలు చూస్తారు. నేను ఎర్రవి చూస్తాను. అబ్బాయి 1915 అని రాస్తే ఎర్ర పంతొమ్మిది ఎక్కడుందో చూస్తే చాలు, దానిపైన నల్ల ఏడు ఉంది. తీసివేత అక్కర్లేదు, వేళ్ళు అక్కర్లేదు. రెండు వారాలకి గోడ చూడకుండానే నోటికొచ్చేసింది. మా ఎదురింటమ్మాయి నర్సు. ఆవిడ డ్యూటీ చార్టులో 0800, 1400, 2000 అని ఉంటాయి. క్యారేజీ ఎప్పుడు పంపాలో ఇదివరకు ఫోన్ చేసి అడిగేదాన్ని, ఇప్పుడు చార్టు ఫొటో పంపితే నేనే చూసుకుంటాను.

ఇప్పుడు అసలు లోపం చెప్తాను. ఇది చాలామంది గమనించరు, ఎందుకంటే చాలామందికి ఆ వేళల్లో గడియారంతో పనుండదు. పన్నెండు అంకె కింద ఎర్రగా 24 అని ఉంది. అక్కడ ఉండాల్సింది 00.

మనకి కొట్టువాడు చెప్పే లెక్క ఏంటి? "పొద్దున్నంతా నల్లవి చూడండి, మధ్యాహ్నం నుంచి ఎర్రవి చూడండి" అంటాడు. పన్నెండు దాటి పదిహేను నిమిషాలైంది, మధ్యాహ్నమే కదా, ఎర్రది చూస్తే ఇరవై నాలుగు పదిహేను. అలాంటి టైమే లేదు. మధ్యాహ్నం పన్నెండుంపావు మిలటరీ వాళ్ళకి కూడా 1215 మాత్రమే. పన్నెండు కలపడం ఒంటిగంట నుంచి మొదలవుతుంది. ఇక అర్ధరాత్రి దాటాక పన్నెండుంపావుకి నల్లది చూస్తే 1215 అనిపిస్తుంది, అది పట్టపగలు. ఎర్రది చూస్తే 2415, అలా ఎవరూ రాయరు. రాసేది 0015. అంటే గడియారంలో ఆ ఒక్క చోటు రోజుకి రెండు గంటలపాటు మనల్ని తప్పు దారి పట్టిస్తుంది. ఇరవై నాలుగు అనేది ఒక రోజు సరిగ్గా ముగిసే ఆ క్షణానికి రాస్తే రాయొచ్చు, ఒక్క నిమిషం దాటితే 0001 అయిపోతుంది, కొత్త తేదీ అయిపోతుంది.

మా అబ్బాయిని అడిగితే ఇంకో మాట చెప్పాడు. సరిగ్గా అర్ధరాత్రి అని చెప్పాల్సి వస్తే చాలామంది 2359 అనో 0001 అనో అంటారట, ఏ రోజు రాత్రో గొడవ రాకుండా. నాకది భలే నచ్చింది. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో ఆఖరి గడువు 23:59 అని ఎందుకు పెడతారా అనుకునేదాన్ని. ఒక్క నిమిషానికి పిసినారితనమేంటా అని.

ఈ లోపానికి నేను చేసిన వైద్యం: అద్దం విప్పి, ఎర్ర 24 మీద తెల్ల స్టిక్కరు ముక్క అంటించి, మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో 00 రాయించాను. అద్దం వెనక నాలుగు మరలుంటాయి, చిన్న స్క్రూడ్రైవరు చాలు. ముళ్ళకి చెయ్యి తగలకుండా చూసుకోవాలి, నాకు సెకండ్ల ముల్లు కాస్త వంగింది, గోటితో సరిచేశాను. తయారుచేసేవాళ్ళు 24 బదులు 00 వేస్తే వాళ్ళకి సిరా ఖర్చేమీ పెరగదు కదా.

అర్ధరాత్రి మాటొచ్చింది కాబట్టి మా ఇంట్లో జరిగిన ఇంకో ఘనకార్యం చెప్పాలి. ఇది గడియారం కొనకముందు సంగతి. మా ఆడపడుచు కూతురి పెళ్ళికి విజయనగరం నుంచి రైలు టికెట్లు తీశారు మా ఆయన. తేదీ 14, టైము 00:20. పద్నాలుగో తేదీ పొద్దున్నే లేచి, పులిహోర కలిపి, సాయంత్రం బస్సెక్కి, సుంకి ఘాటు మలుపుల్లో వాంతులు ఆపుకుంటూ, సాలూరు మీదుగా రాత్రి పదకొండుకి స్టేషన్‌కి చేరాం. మా బండి బోర్డు మీద ఉంది గానీ మా సీట్లలో వేరేవాళ్ళున్నారు. మా బండి ముందు రోజు రాత్రే వెళ్ళిపోయింది! 14వ తేదీ 00:20 అంటే పదమూడో తేదీ రాత్రి భోంచేసి స్టేషన్‌లో ఉండాలి. రైల్వేవాళ్ళు సరిగ్గానే రాశారు, మేమే చదువుకోలేదు. మా ఆయనకిప్పుడు 00 తో మొదలయ్యే టికెట్టంటే వణుకు. ముందు రోజు మధ్యాహ్నం నుంచే చెప్పులేసుకుని తిరుగుతారు.

దీనికి ఏ గడియారమూ సాయం చెయ్యలేదు. గోడ మీద ఎర్ర అంకెలు చూసినా తేదీ ఎప్పుడు మారిందో తెలియదు. ఇక్కడే మా అత్తగారు నన్నొక పాయింటు మీద కొట్టేశారు. "మన తెలుగు క్యాలెండరు చూడవే" అన్నారు. తీసి చూస్తే తిథుల పక్కన ఉ., ప., సా., రా., తె. అని ఉంటాయి కదా. తెల్లవారుజాము మూడింటికి తిథి మారితే తె. అని వేసి ఆ ముందు రోజు గడిలోనే రాస్తారు. ఎందుకంటే మనకి సూర్యోదయం దాకా ముందు రోజే. పదమూడు రాత్రి తెల్లవారితే పద్నాలుగని మా ఆయన బుర్రలో ఉన్న లెక్క అదే. పంచాంగం ప్రకారం ఆయన తప్పు చెయ్యలేదు, టికెట్టు ప్రకారం చేశారు. అదీగాక ఏఎం, పీఎం కన్నా ఈ ఐదు ముక్కలే నయం. పన్నెండు పీఎం అంటే పగలో రాత్రో ఇప్పటికీ ఆగి ఆలోచించాలి, ప. 12 అంటే చంటిపిల్లకి కూడా తెలుస్తుంది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, రోజుకి అరవై గడియలు, మూడు గంటలకొక జాము చొప్పున ఎనిమిది జాములు, ఇదీ మన లెక్క అన్నారు. నిజమే. పేరు మాత్రం గడియారం, గడియలు లెక్కపెట్టేది ఒక్కటీ లేదు. నీడ చూసి మధ్యాహ్నం చెప్పే అలవాటు కూడా ఆవిడకి ఇంకా ఉంది, పెరట్లో తులసికోట నీడ బట్టి. మా ఊళ్ళో ఆ లెక్క పెద్దగా తప్పదు. మన దేశమంతటి టైమూ లెక్కగట్టే 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం మా జయపురానికి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే వెళ్తుంది. అందుకని సూర్యుడు నడినెత్తికొచ్చే వేళకీ గడియారం పన్నెండుకీ ఏడాదిలో ఎప్పుడు చూసినా పదహారు, పదిహేడు నిమిషాలకి మించి తేడా రాదు. ఇది మా అమ్మాయి మ్యాపులో చూపించింది. మా అత్తగారు "చూశావా" అన్నట్టు నా వంక చూశారు.

మా అమ్మాయే ఇంకో కథ కూడా చెప్పింది. 1876లో శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ అనే కెనడా ఇంజనీరు ఐర్లండ్‌లో రైలు తప్పిపోయాడట. టైమ్ టేబుల్లో ఏఎం బదులు పీఎం అని అచ్చుతప్పు పడింది. ఆ కోపంతోనే ఆయన రోజుకి ఇరవై నాలుగు గంటల లెక్క కావాలని పట్టుబట్టాడు. రైలు తప్పిపోయినవాళ్ళలో మా ఆయనకి పెద్ద తోడే దొరికింది. కాకపోతే ఆయనకి పన్నెండు గంటల లెక్క వల్ల పోయింది, ఈయనకి ఇరవై నాలుగు గంటల లెక్క వల్ల పోయింది. సైన్యాలు దీన్ని పట్టుకున్నది తరవాత. బ్రిటిష్ సైన్యం 1918లో, అమెరికా నేవీ 1920లో, అమెరికా సైన్యమైతే 1942లో గానీ మారలేదు. రేడియోలో గరగరల మధ్య ఏఎం అన్నాడో పీఎం అన్నాడో వినపడకపోతే దాడి పన్నెండు గంటలు అటో ఇటో అయిపోతుంది మరి. అందుకే ఎప్పుడూ నాలుగంకెలు చెప్తారు, పొద్దున్న ఐదున్నరని కూడా "జీరో ఫైవ్ థర్టీ" అంటారు. ముందు సున్నా మింగకూడదు.

ఈ పద్ధతి మాకు కొత్తేం కాదని తరవాత గుర్తొచ్చింది. తుఫాను రోజుల్లో వాతావరణశాఖ వాళ్ళ బులెటిన్లలో 0830 గంటలకి, 1730 గంటలకి తుఫాను ఫలానా చోట ఉందని వస్తుంది. 2014లో హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు మా కొండల్లోనూ గాలివానే. అప్పుడు ఆ అంకెలు ఎన్నిసార్లు విన్నామో. పక్కనే 0300 యూటీసీ అని కూడా ఉంటుంది. అది గ్రీన్‌విచ్ లెక్క, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన 0830. ఆ రెండు అంకెలూ చూసి బులెటిన్ ఐదున్నర గంటలు పాతదేమో అని భయపడిన మనిషిని నేనే.

సరే, గడియారం సంగతికొస్తాను. శబ్దం లేదు. సెకండ్ల ముల్లు టిక్కుటిక్కుమనకుండా జారుతూ పోతుంది, పక్క గదిలో పడుకున్నవాళ్ళకి నిద్ర చెడదు. ఐదు నెలల్లో ఫోనుతో పోల్చి చూస్తే రెండు నిమిషాల లోపే వెనకపడింది, నాకది లెక్కలోది కాదు. ఒకే పెన్సిల్ సెల్లు. కొట్టతను వేసిచ్చింది నెలన్నరకే అయిపోయింది. ముల్లు ఒకే చోట కొట్టుకుంటుంటే గడియారం పాడైందని కంగారు పడ్డాను. మంచి సెల్లు వేశాక ఇంతవరకూ ఆగలేదు.

కళ్ళకి మాత్రం పరీక్షే. ఎర్ర అంకెలు మరీ చిన్నవి. పొయ్యి దగ్గర నుంచుంటే గోడకి ఎనిమిది, తొమ్మిది అడుగులు. నల్ల అంకెలు హాయిగా కనిపిస్తాయి, ఎర్రవి 16 ఏదో 18 ఏదో తెలియదు. పైగా అద్దం కాస్త ఉబ్బెత్తుగా ఉండి ట్యూబులైటు దాని మీద అడ్డంగా మెరుస్తుంది. సరిగ్గా 17, 18 మీదే. ముందు వంటింట్లో పెట్టాను, ఇడ్లీ ఆవిరికి లోపల చెమ్మ పట్టింది, నూనె జిడ్డు కూడా. ఇప్పుడు హాల్లో తలుపు పక్కన, నా కంటికి సమానంగా కొట్టించాను. మనవాళ్ళు గడియారాన్ని ఎప్పుడూ తలుపు మీద, దేవుడి పటాలతో పాటు పైకి కొడతారు. ఇది అలా పైకి కొడితే ఎర్ర వరస దండగ.

చీకట్లో మెరిసే రంగు లేదు. ఉంటే బాగుండేది, మా అబ్బాయికి అర్ధరాత్రి దాటాక డ్యూటీ పడినప్పుడు నాకెలాగూ మెలకువ వస్తుంది.

అలారం కూడా లేదు, దానికి ఫోనే. కానీ ఫోనుని 24 గంటల పద్ధతిలోకి మార్చడం వల్ల ఒక మేలు జరిగింది. ఇదివరకు ఒకసారి పొద్దున్న నాలుగున్నరకని అలారం పెట్టి, కింద పీఎం ఉందని చూసుకోలేదు. ఆ రోజు ఆరింటికి లేచాను. ఏడు క్యారేజీలకి ఒక్క ఇడ్లీ లేదు, అందరికీ అటుకుల ఉప్మా. ఆ అటుకుల ఉప్మానే కొంతమంది ఇప్పటికీ అడుగుతారు, అది వేరే కథ. ఇప్పుడు 04:30 అని పెడితే సాయంత్రం మోగే భయం లేదు, సాయంత్రమైతే 16:30 కదా.

ఎవరికి పనికొస్తుందంటే, ఇంట్లో మిలటరీలోనో, రైల్వేలోనో, ఆసుపత్రిలోనో, షిఫ్టుల ఫ్యాక్టరీలోనో పనిచేసేవాళ్ళుండి, దాంతోపాటు మామూలు గడియారం మాత్రమే చూసే పెద్దవాళ్ళు కూడా ఉన్న ఇళ్ళకి. చిన్నపిల్లలకి నేర్పడానికీ బాగుంటుంది, మా పక్కింటి ఐదో తరగతి పిల్లాడు లెక్కల హోంవర్కు మా హాల్లో కూర్చుని చేసుకుపోతాడు. వాళ్ళ టీచరు ఇచ్చిన "రాత్రి 12:40ని 24 గంటల పద్ధతిలో రాయండి" అన్న లెక్కకి వాడు మా గడియారం చూసి 00:40 అని సరిగ్గా రాశాడు. స్టిక్కరు లేకపోతే 24:40 అని రాసి సున్నా తెచ్చుకునేవాడు. ఒక్కరే ఉండేవాళ్ళకి, ఫోను చేతిలోంచి దింపనివాళ్ళకి ఇది అక్కర్లేదు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ 24 వల్ల ఒకటి, చిన్న అంకెల వల్ల అర పోయాయి. కొనేవాళ్ళు కొట్టులోనే పన్నెండు కింద ఏముందో చూసుకోండి. 00 ఉన్నది దొరికితే వంద ఎక్కువైనా అదే తీసుకోండి. సెల్లు వేరేగా కొనుక్కోండి.

పోయిన నెల ఆ వాచీల కొట్టుకి మా ఆయన చేతి గడియారం పట్టీ మార్పించడానికెళ్ళాను. స్టిక్కరు సంగతి చెప్తే అతను నవ్వి, అటక మీంచి ఇంకొకటి దించి చూశాడు. దాని మీదా 24 ఏ. "అయితే నేనూ స్టిక్కరు వేసి అమ్ముతానమ్మా" అన్నాడు. వేశాడో లేదో ఈసారి బజారుకెళ్ళినప్పుడు చూడాలి.